రెండు పసుపు చుక్కలు

నా క్యాన్సరు పరీక్ష రిపోర్టు రంగుల్లో ఉంటుందని ముందే తెలిస్తే మర్రిపాలెం జిరాక్సు షాపులో నలుపు తెలుపు ప్రింటు తీయించేవాణ్ణి కాదు. షాపు కుర్రాడు అడిగాడు కూడా, "రంగులో తీయమంటారా?" అని. పరీక్షల కాగితానికి రంగెందుకు అనుకున్నాను. ఇంటికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే నల్లటి మచ్చల మీద బూడిద రంగు చుక్కలు. కింద నాలుగు వాక్యాలు, వాటిలో 'ఫ్యూజన్' అన్న మాట మూడుసార్లు. ముప్పై అయిదేళ్ళు ఎరుపు, పచ్చ, పసుపు దీపాలను నమ్ముకుని బతికినవాణ్ణి. నా ఒంటి సంగతి అవే మూడు రంగుల్లో రాసి పంపితే, దాన్ని బూడిద చేసి ఇంటికి తెచ్చుకున్నాను.

నేను వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డుగా పనిచేసి 2016లో రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, 2022లో పేరు మార్చారు. పేరు ఎంత పెద్దదైనా బండి చివరి పెట్టెలో కూర్చునేది ఒక్కడే. నా సర్వీసులో సగానికి పైగా కొత్తవలస–కిరండూల్ లైను మీద గడిచింది. ఖాళీ రేకుతో (వ్యాగన్ల వరసను రేకు అంటాం) కొండెక్కడం, ఇనుప ఖనిజంతో దిగడం, దారిలో 58 సొరంగాలు. ఈ జబ్బును కూడా నేను యార్డు భాషలోనే అర్థం చేసుకున్నాను. వేరే భాష నాకు అంతగా రాదు.

2023 వినాయక చవితి నాడు గడ్డం గీసుకుంటుంటే దవడ కింద కుడివైపు కుంకుడు గింజంత గడ్డ వేలికి తగిలింది. నొప్పి లేదు. పన్ను వల్ల వచ్చి ఉంటుందని వదిలేశాను. పది రోజులకు చంకలో ఇంకొకటి. రక్తం చూస్తే తెల్ల కణాలు 19 వేలు ఉన్నాయి. దసరాకు ముందు మెడలో గడ్డ తీసి పరీక్షకు పంపారు. పండుగ వెళ్ళాక వచ్చిన రిపోర్టులో 'స్మాల్ లింఫోసైటిక్ లింఫోమా' అని రాసి ఉంది, లింఫు గ్రంథుల్లో పెరిగే ఒక రకం క్యాన్సరు. మెల్లగా నడిచే జబ్బు, ఇప్పుడు మందు అక్కర్లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు అన్నారు.

"క్యాన్సరంటారు, మందు వద్దంటారు, ఇదెక్కడి వైద్యమండీ?" అంది మా ఆవిడ. న్యాయంగా చెప్పాలంటే ఆ జబ్బే అయి ఉంటే ఆ సలహా సరైనదే. చాలామంది ఏళ్ళ తరబడి మందు లేకుండానే ఉంటారట. నాకూ ఆ మాట హాయిగానే అనిపించింది. మందు వద్దన్న డాక్టరుతో ఎవరు వాదిస్తారు?

డిసెంబరు వచ్చేసరికి నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. ఎడమ పక్కటెముకల కింద ఏదో బరువు. ధనుర్మాసపు చలిలో తెల్లవారుజామున లేచి చూస్తే బనీను పిండుకునేంత తడి. మా చెల్లెలి కూతురు విజయనగరంలో డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఫోనులో నా గొంతు విని శనివారం బస్సెక్కి వచ్చేసింది. నా కడుపు మీద చెయ్యి వేసి, "మామయ్యా, ఇది మూడు నెలలు ఆగే వ్యవహారంలా లేదు. ఇంకొకరికి చూపిద్దాం" అంది.

కొత్త డాక్టరు గారు రక్త వ్యాధుల నిపుణురాలు. పాత రిపోర్టు ఆమె చేతికిచ్చాను. నేనైతే ఎప్పుడూ చివరి వాక్యమే చదివేవాణ్ణి, జబ్బు పేరు ఉండేది అక్కడే కదా. ఆవిడ మధ్యలో ఉన్న పట్టిక దగ్గర ఆగిపోయారు. గడ్డలోని కణాల మీద ఏ గుర్తులు ఉన్నాయి, ఏవి లేవు అని చూపించే పట్టిక అది. సీడీ20 ఉంది, సీడీ5 ఉంది, సీడీ23 లేదు.

"మీకు చెప్పిన జబ్బులో సీడీ23 మామూలుగా ఉంటుందండీ. సీడీ5 ఉండి సీడీ23 లేకపోతే సైక్లిన్ డీ1 అనే ప్రోటీను ఉందా అని తప్పకుండా చూడాలి. ఇక్కడ ఆ వరసే లేదు" అన్నారు.

అంటే వాళ్ళు చూసి తప్పు చెప్పలేదు, చూడకుండానే తేల్చేశారు. ఆ పరీక్షా కేంద్రం పేరు నేను రాయను. కానీ ఆ వరస లేకపోవడం వల్ల నాకు మూడు నెలలు పోయాయి.

ఆవిడ అనుమానం 'మాంటిల్ సెల్ లింఫోమా' మీద. లింఫు గ్రంథిలో గుండ్రటి గూళ్ళ లాంటివి ఉంటాయి. ఒక్కో గూడు చుట్టూ ఉన్న పొర పేరు మాంటిల్. ఆ పొరలో ఉండే బీ కణాలు అనే తెల్ల కణాలను పోలిన జబ్బు కాబట్టి ఆ పేరు. ఈ పేరు స్థిరపడింది 1992లోనట. అంతకు ముందు దీన్నే ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచేవారట. ఆడవాళ్ళలో కంటే మగవాళ్ళలో ఎక్కువ, అరవై దాటినవాళ్ళలో ఎక్కువ. ఆ రెండూ నాకు సరిపోయాయి.

పాత స్లైడు మీద సైక్లిన్ డీ1 రంగు వేయిస్తే అక్కడక్కడా పడింది, అక్కడక్కడా పడలేదు. ఉన్నట్టా లేనట్టా? తేల్చాలంటే క్రోమోజోములనే చూడాలన్నారు. దానికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో నాకు ఎదురైంది శుద్ధ నిర్లక్ష్యం, అందుకే దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

2024 జనవరి 12, శుక్రవారం. నడుము వెనక ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. మత్తు సూది వల్ల పైన నొప్పి తెలియదు. లోపలి నుంచి మూలుగ లాగే క్షణం మాత్రం ఎవరో కాలి బొటనవేలి నుంచి ప్రాణం తోడినట్టు ఉంటుంది. అది ఒక్క క్షణమే. తీసిన దాన్ని రెండు గొట్టాల్లో పోశారు, ఒకదానికి ఊదా మూత, ఒకదానికి పచ్చ మూత. అలవాటు కొద్దీ సమయం, గొట్టాల రంగులు నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. నర్సమ్మ నవ్వింది.

పచ్చ మూత గొట్టంలో హెపారిన్ ఉంటుంది. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కణాలను చంపదు. క్రోమోజోములను పూర్తి వరసగా చూడాలంటే కణాలు బతికే చేరాలి. ల్యాబులో వాటిని పెంచి, సరిగ్గా రెండుగా చీలబోయే సమయంలో మందు వేసి ఆపేస్తారు. అప్పుడే క్రోమోజోములు విడివిడిగా, పొట్టిగా, లావుగా కనిపిస్తాయి. మిగతా సమయంలో అవి చిక్కుపడిన దారపు ఉండలా ఉంటాయి. కాబట్టి ఆ గొట్టం ఎండ తగలకుండా, గడ్డకట్టే చలి తగలకుండా, వీలైతే ఒకటి రెండు రోజుల్లోపు చేరాలి.

ఆదివారం భోగి, సోమవారం సంక్రాంతి, మంగళవారం కనుమ. ఆ రాత్రికే హైదరాబాదు పంపేస్తామని నాకు మాట ఇచ్చిన ఏజెన్సీ వాళ్ళు పండుగ చేసుకున్నారు. నా గొట్టం బుధవారం చేరింది. పది రోజుల తర్వాత వచ్చిన రిపోర్టు ఒకే ఒక్క వాక్యం: విభజన దశలో కణాలు దొరకలేదు, ఫలితం చెప్పలేము.

ఆ అయిదు రోజులు అది ఎక్కడుందని అడిగాను. ఎవరికీ తెలియదు. రైల్వేలో వ్యాగన్‌కు 11 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే వ్యాగన్ ఏ స్టేషనులో, ఏ లైనులో నిలబడి ఉందో తెలుస్తుంది. బొగ్గుకున్న ఆ మర్యాద నా మూలుగకు దక్కలేదు. కోపంతో డాక్టరు గారి దగ్గర గట్టిగానే మాట్లాడాను. ఆవిడ అంతా విని, "వేళకు చేరినా ఈ కణాలు పెరగకపోయి ఉండవచ్చండీ. లింఫోమాలో అలా జరుగుతుంటుంది. కానీ మీ కోపం తప్పు కాదు" అన్నారు. ఆ రెండు మాటలూ కలిపి చెప్పినందుకు నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

రెండో దారి ఫిష్ పరీక్ష. పేరు వినగానే మా ఆవిడ, "హార్బరు దగ్గర చేస్తారా?" అంది. ఆసుపత్రిలో ఆ రోజు నవ్విన నవ్వు అదొక్కటే. ఫిష్ అంటే మెరిసే రంగు తగిలించిన చిన్న డీఎన్ఏ ముక్కను కణాల మీదకు వదలడం. తన జోడు ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్ళి అంటుకుంటుంది, సూక్ష్మదర్శినిలో చుక్కలా మెరుస్తుంది. దీనికి బతికిన కణాలు అక్కర్లేదు. అక్టోబరులో తీసిన గడ్డను మైనంలో పెట్టి ఉంచుతారు కదా, దాని నుంచి సన్నటి పొర కోసినా చాలు. దాన్నే బ్లాకు అంటారు.

ముప్పై అయిదేళ్ళు నాకు బ్లాకు అంటే రెండు స్టేషన్ల మధ్య దూరం. ఒక బ్లాకులో ఒకే బండి ఉండాలి. ఇప్పుడు బ్లాకు అంటే బొటనవేలి గోరంత మైనం. అది మొదటి పరీక్షా కేంద్రంలోనే ఉండిపోయింది. తెచ్చుకోవడానికి మూడుసార్లు మహారాణిపేట తిరిగాను. మొదటిసారి, "స్లైడ్లు ఇస్తాం, బ్లాకులు ఇవ్వం" అన్నారు. రెండోసారి ఇచ్చేవాడు సెలవు. మూడోసారి డాక్టరు గారి ఉత్తరం, పాత బిల్లు, ఆధార్ నకలు పట్టుకుని వెళ్ళి, ఇచ్చేదాకా కదలనని కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర తర్వాత మాత్రలు వేసే కాగితపు కవరులో రెండు ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి ఇచ్చారు. తెల్లటి మైనం, మధ్యలో గోధుమ రంగు ముక్క. నా మెడలోంచి వచ్చిందన్నమాట. మైనం కదా, ఎండకు కరుగుతుందేమోనని చొక్కా జేబులో పెట్టుకుని, బస్సులో జేబు మీద చెయ్యి తీయలేదు. పక్కన కూర్చున్నాయన డబ్బు అనుకున్నాడేమో, కాస్త అవతలికి జరిగాడు.

గడ్డ తీయించుకున్నవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. రిపోర్టు ఇచ్చేసినా పని అయిపోలేదు. బ్లాకు ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి, వాటి నంబర్లు ఏమిటి అని అడిగి రాసుకోవాలి.

ఫిబ్రవరి మొదటి వారంలో రిపోర్టు ఫోనుకు వచ్చింది. జిరాక్సు షాపు కథ ముందే చెప్పాను. సాయంత్రం మా మేనకోడలు వచ్చి, నా బూడిద కాగితం పక్కన పెట్టి, ఫోనులో అసలు బొమ్మ పెద్దది చేసి చూపించింది. నీలం రంగు గుండ్రటి మచ్చలు, అవి కణాల కేంద్రకాలు. ఒక్కోదానిలో ఒక ఎర్ర చుక్క, ఒక పచ్చ చుక్క, రెండు పసుపు చుక్కలు.

"మామయ్యా, మనిషి కణంలో 46 క్రోమోజోములు. ఆ లెక్క సరిగ్గా తేలింది 1956లో" అని మొదలుపెట్టింది. నేను పుట్టిన ఏడాది. అప్పటిదాకా 48 అనుకునేవారట.

"అన్నీ జతలే. 11వ నంబరువి రెండు, 14వ నంబరువి రెండు. ఎర్ర రంగు 11లో సైక్లిన్ డీ1 జన్యువు ఉన్న చోట అంటుకుంటుంది. పచ్చ రంగు 14లో యాంటీబాడీ జన్యువు దగ్గర అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఎన్ని చుక్కలుండాలి?"

"రెండు ఎరుపు, రెండు పచ్చ. విడివిడిగా."

"ఎరుపు, పచ్చ ఒకే చోట పడితే?"

"పసుపు."

గార్డుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె ఇంకా వివరించబోతుంటే ఆపి, కాగితం వెనక నేనే గీశాను. రెండు రేకులు, ఒకటి 11, ఒకటి 14. రెండూ మధ్యలో తెగాయి. 11 తోక వెళ్ళి 14కి తగులుకుంది, 14 తోక వెళ్ళి 11కి తగులుకుంది. తెగిన చోటికి అటూ ఇటూ రంగు ఉంది కాబట్టి, కొత్తగా అతికిన రెండు చోట్లా ఎరుపు పక్కన పచ్చ. అందుకే పసుపు చుక్కలు రెండు. రిపోర్టులో మూడుసార్లు రాసిన 'ఫ్యూజన్' ఈ అతుకే. మిగిలిన ఎరుపు, మిగిలిన పచ్చ దెబ్బతినని జోడు క్రోమోజోములవి. మా మేనకోడలు నా బొమ్మను ఫోటో తీసుకుంది, క్లాసులో చూపిస్తుందట.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది వేరే సంగతి. బండి స్టేషను దాటేటప్పుడు స్టేషను మాస్టరు చివరి పెట్టె వెనక ఎల్వీ (లాస్ట్ వెహికల్) బోర్డు ఉందా అని చూస్తాడు. బోర్డు ఉంటే బండి మొత్తం వచ్చేసినట్టే, మధ్యలో విడిపోలేదు, బ్లాకు ఖాళీ. నా కణంలో 11కి తోక ఉంది, 14కి తోక ఉంది. ఒక్క వ్యాగన్ పోలేదు, ఒక్కటి ఎక్కువ రాలేదు. ఏ స్టేషను మాస్టరు చూసినా లైన్ క్లియర్ ఇచ్చేస్తాడు. తోకలు తారుమారయ్యాయని పట్టుకోవాలంటే వ్యాగన్ నంబర్లు ఒక్కొక్కటి చదువుకుంటూ పక్కన నడవాలి.

సరే, అన్నీ ఉన్నప్పుడు నష్టమేమిటి? ఘాటు ఎక్కే బండికి వెనక నుంచి తోయడానికి బ్యాంకరు ఇంజిను పెడతారు. 14వ క్రోమోజోములో ఆ యాంటీబాడీ జన్యువు దగ్గర అలాంటి తోపుడు శక్తి ఉంది. యాంటీబాడీలు చేయడమే బీ కణం పని కాబట్టి అక్కడ ఇంజిను ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. సైక్లిన్ డీ1 అన్నది కణానికి 'ఇక చీలడానికి సిద్ధంకా' అని చెప్పే స్టార్టర్ సిగ్నల్. బీ కణాల్లో అది మామూలుగా మౌనంగా ఉంటుంది. తోక తారుమారై అది వెళ్ళి ఆ బ్యాంకరు ముందు నిలబడింది. ఇక ఆగడం లేదు. ఈ అతుకు చోటును 1984లో ఫిలడెల్ఫియాలో సుజిమోటో, క్రోచె అనే శాస్త్రవేత్తల బృందం విడదీసి చూపించింది. దానికి బీసీఎల్1 అని పేరు పెట్టారు. తోసేది 14, పరుగెత్తేది 11 అని ఒక ముక్కలో చెప్పుకోవచ్చు.

అసలు అది తెగడం ఎందుకు జరిగిందని అడిగాను. వచ్చిన జవాబు నాకు నచ్చింది. లోకంలో ఉన్న లెక్కలేనన్ని క్రిములకు తగిన యాంటీబాడీలు చేయడానికి, మూలుగలో పెరుగుతున్న ప్రతి బీ కణం తన 14వ క్రోమోజోమును తానే కోసి, ముక్కలు మార్చి అతికించుకుంటుంది. ప్రతి మనిషిలో, ప్రతి రోజూ జరిగే షంటింగ్ అది. ఎప్పుడో ఒక రాత్రి డ్యూటీలో కోసిన కొన పక్క లైనులోని 11కి అతుక్కుంది. అది ఒక్కటే జబ్బుకు చాలదు, ఇంకా కొన్ని దెబ్బలు తగలాలి. ఎన్నేళ్ళ కిందట జరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఈ జవాబు ఇంకో చోట కూడా పనికొచ్చింది. క్రోమోజోము అన్న మాట చెవిన పడగానే చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అనకాపల్లి నుంచి మా పెద్ద వదినగారు ఫోను చేసి, నా బాగోగులు రెండు నిమిషాలు అడిగి, మూడో నిమిషంలో, "పిల్లలకు వస్తుందటగా?" అంది. మనవరాలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. రాదని చెప్పాను. ఈ తారుమారు పుట్టుకతో వచ్చింది కాదు, నా ఒంట్లో ఒక బీ కణంలో జరిగి దాని సంతానానికి మాత్రమే పాకింది. పిల్లలకు వెళ్ళే కణాల్లో అది లేదు. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. మా అబ్బాయి మాత్రం ఆ ఆదివారం చాలా రోజుల తర్వాత మామూలు గొంతుతో మాట్లాడాడు. తనకూ అదే భయం ఉందని అప్పుడు తెలిసింది.

రిపోర్టులో ఒక అంకె నన్ను బాగా బెదరగొట్టింది. 200 కేంద్రకాలు లెక్కపెడితే 164లో పసుపు చుక్కలున్నాయి, నూటికి 82. నా ఒళ్ళంతా నూటికి 82 వంతులు పోయిందనుకున్నాను. అది ఆ గోధుమ రంగు ముక్కలో లెక్క మాత్రమే. ఆ ముక్కలో మిగతావి పాపం మామూలు కణాలు. జబ్బు ఎంత పాకింది అన్న ప్రశ్నకు దానితో సంబంధం లేదు. దానికి స్కాను వేరు, మూలుగ పరీక్ష వేరు. ఈ మాట కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు.

రెండో పేజీలో రెండో ప్రశ్న. 17వ క్రోమోజోము పొట్టి కొస వైపు టీపీ53 అనే జన్యువు ఉంటుంది. అది చేసే ప్రోటీను పేరు పీ53. కణంలో డీఎన్ఏ చెడితే విభజనను ఆపుతుంది, బాగుపడకపోతే కణాన్ని చచ్చిపొమ్మంటుంది. డేవిడ్ లేన్ అనే శాస్త్రవేత్త 1992లో దీన్ని మన జన్యువులన్నిటికీ కాపలాదారు అన్నాడట. మా మేనకోడలు ఈ మాట చెప్పి నా వైపు చూసి ఆగింది. నేనే అన్నాను, "అంటే గార్డు."

గార్డు లేని బండి సంగతి నాకు తెలుసు. మాంటిల్ సెల్ లింఫోమాలో టీపీ53 పోయినా, చెడినా మామూలు కీమోథెరపీ సరిగా పనిచేయదు. కీమో చేసేది డీఎన్ఏను దెబ్బతీయడమే. దెబ్బ తగిలిందని గుర్తించి కణాన్ని ఆపేవాడు లేకపోతే మందు ఎవరితో మాట్లాడుతుంది? అలాంటివాళ్ళకు ఇబ్రుటినిబ్, అకలాబ్రుటినిబ్ లాంటి మాత్రల వైపు ముందుగానే ఆలోచిస్తారని డాక్టరు గారు చెప్పారు. ఇబ్రుటినిబ్‌కు ఈ జబ్బులో అమెరికాలో అనుమతి వచ్చింది 2013లో, 2023లో కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది.

నా 200 కేంద్రకాల్లో ఎనిమిదింటిలో టీపీ53 చుక్క ఒక్కటే ఉంది, రెండు లేవు. కింద మాత్రం 'లోపం లేదు' అని రాశారు. ఇదెక్కడి లెక్క? ఎనిమిది బండ్లు గార్డు లేకుండా వెళ్ళాయి, అయినా అంతా సవ్యమేనా? వంటింటి గుమ్మంలో బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది మా మేనకోడలు. చక్రాల్లా తరిగిన ముక్కల్లో కొన్నిటిలో గింజలు నిండుగా ఉన్నాయి, కొన్నిటిలో ఒకటీ అరా. కాయలో గింజ లేక కాదు, కత్తి పడిన చోట అది పక్క ముక్కలోకి పోయింది. బ్లాకును నాలుగు మైక్రాన్ల పొరలుగా కోస్తారు. కేంద్రకం అంతకంటే పెద్దది కాబట్టి కొన్ని చుక్కలు కోతలో పోతాయి. అందుకే ప్రతి ల్యాబు తన హద్దు తాను పెట్టుకుంటుంది, ఆ హద్దు దాటితేనే లోపం అంటుంది. నా ఎనిమిది ఆ హద్దు లోపలే ఉన్నాయి. ఆ రోజు బెండకాయ వేపుడు నేను అడిగి రెండుసార్లు వడ్డించుకున్నాను.

అక్కడితో అయిపోయిందనుకుంటే డాక్టరు గారు మళ్ళీ బ్లాకు అడిగారు. "గార్డు సీటు ఉందా లేదా అన్నదే ఫిష్ చెబుతుంది. సీట్లో ఉన్నవాడు నిద్రపోతున్నాడా అన్నది చెప్పలేదు" అన్నారు. ఆ పోలిక అంతకు ముందు వారం నేను ఆవిడకు చెప్పిందే, నా మీదే వాడారు. జన్యువు ఉండి, అందులో అక్షరం మారితే చుక్క యథాతథంగా మెరుస్తుంది. దానికి సీక్వెన్సింగ్ అనే ఇంకో పరీక్ష కావాలి. దానికి వేరే ల్యాబు, వేరే బిల్లు.

అప్పటికి నాకు విషయం ఒంటబట్టింది. సిగ్నలు తన ముందున్న బ్లాకుకే జవాబుదారీ. పచ్చ దీపం పడిందంటే తర్వాతి స్టేషను దాకా దారి బాగుందని మాత్రమే. దాని అవతల ఏముందో అది చెప్పదు. ఫిష్‌లో ఒక్కో రంగు జత ఒక్కో ప్రశ్న. అడిగిన దానికే జవాబిస్తుంది, అడగని దాని గురించి కాగితం నోరు మెదపదు. అక్టోబరు రిపోర్టు చేసింది అదే. అందులో రాసినవేవీ అబద్ధం కాదు, చివరి వాక్యం తప్ప.

సీక్వెన్సింగ్ ఫలితం వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు, ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం అంత పెరిగిపోయింది. కణాలు చీలే వేగాన్ని చెప్పే కేఐ67 నూటికి 20 ఉంది, 30 లోపు ఉండటం మేలట. ఫిబ్రవరి 12న మందు మొదలుపెట్టారు. బెండమస్టిన్, రిటుక్సిమాబ్. 28 రోజులకోసారి, ఆరు విడతలు. వైద్యం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మొదటి రోజు రిటుక్సిమాబ్ ఎక్కుతుంటే వణుకు వచ్చి మంచం కదిలిపోయింది, ఆపి మళ్ళీ మెల్లగా ఎక్కించారు. తర్వాత ఎప్పుడూ అలా కాలేదు. నాలుక మీద ఇనుము రుచి ఉండేది. దుమ్ము పట్టిన ఖనిజం బండి వెనక ఏళ్ళ తరబడి కూర్చున్నవాడికి అది కొత్త కాదు.

రెండో విడత అయ్యాక, మార్చిలో, సీక్వెన్సింగ్ రిపోర్టు వచ్చింది. టీపీ53లో మార్పు కనిపించలేదు. ఈసారి ప్రింటు తీయించలేదు.

మే 10న సింహాచలం చందనోత్సవం. అప్పన్న నిజరూప దర్శనానికి నడిచి వస్తానని మా ఆవిడ మొక్కుకుంది, నన్ను కూడా కలిపి. నాలుగో విడత అయి నాలుగు రోజులే, తెల్ల కణాలు పడిపోయే సమయం. ఆ జనంలోకి వెళ్ళడానికి వీల్లేదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మా ఆవిడ, చెల్లెలు కలిసి వెళ్ళారు. నేను మేడ మీద కుర్చీ వేసుకుని కొండ వైపు తిరిగి కూర్చున్నాను. స్వామిని చూడలేదు గానీ, సింహాచలం నార్త్ వైపు వెళ్ళే గూడ్సు ఒకటి కూత వేసుకుంటూ పోయింది. వ్యాగన్లు లెక్కపెట్టబోయి, చెట్లు అడ్డం వచ్చి, 40 దగ్గర లెక్క తప్పాను.

ఆగస్టు చివర తీసిన పెట్ స్కానులో గడ్డల జాడ లేదు. ప్లీహం తన చోటికి తాను వెళ్ళిపోయింది. ఇప్పుడు రెండు నెలలకోసారి రిటుక్సిమాబ్ ఒక్కటే ఇస్తున్నారు. ఇది తిరిగి వచ్చే జబ్బేనని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. వస్తే మళ్ళీ కొత్త ముక్క తీయాలి, మళ్ళీ 17 చూడాలి, అప్పటి గార్డు ఇప్పటి గార్డు కాకపోవచ్చు.

సెప్టెంబరులో బ్లాకులు వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాను. ల్యాబు కుర్రాడు కవరు విప్పి చూపించాడు. ఒకటి దాదాపు అయిపోయింది, మైనమే మిగిలింది. రెండోదానిలో గోధుమ రంగు ముక్క సగానికి తరిగింది. "ఇంకో రెండు మూడు పరీక్షలకు సరిపోతుందండీ" అన్నాడు. సంతకం పెట్టమని రిజిస్టరు తిప్పాడు. ముందు బ్లాకు నంబరు చదవమన్నాను. అతను గబగబా చదివేశాడు. "ఒక్కో అంకె" అన్నాను. ఈసారి ఒక్కొక్కటే చదివాడు, నేను తిరిగి అప్పజెప్పాను, రెండూ సరిపోయాక పెన్ను తీసుకున్నాను.